టికెట్టు ఎవరికండీ?

“ఏవండీ, మా నాటకానికి రెండు టికెట్లు తీసుకోరూ?”

2024 ఫిబ్రవరిలో పదిహేను రోజులపాటు నా నోట్లోంచి ఇంతకన్నా వేరే మాట రాలేదంటే నమ్మండి. కూరల బండి దగ్గర ఇదే మాట, పిల్లల స్కూలు గేటు దగ్గర ఇదే మాట. ఆఖరికి పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చున్నప్పుడు కూడా, ఆయన చేతులు కడుక్కోవడానికి అటు వెళ్ళగానే నర్సుకి ఓ టికెట్టు అంటగట్టాను. మా ఇంటికొస్తామన్న చుట్టాలకి మా వారు ఫోన్లోనే హెచ్చరిక చేసేవారు. “రండి గానీ జేబులో రెండొందలు పెట్టుకుని రండి” అని.

మాది కాకినాడ. ఎస్వీ రంగారావు, అంజలీదేవి లాంటివాళ్ళు సినిమాల్లోకి వెళ్ళకముందు ముఖానికి రంగు పూసుకున్న ఊరు. ఇక్కడా, చుట్టుపక్కల పల్లెల్లోనూ పద్యనాటకాలు ఆడి ముసలివాళ్ళయిపోయిన కళాకారులు ఏడుగురు ఉన్నారు. వాళ్ళల్లో హార్మోనియం వాయించే తాతగారికి చూపు పోయింది. హరిశ్చంద్రుడి వేషం వేసే ఆయన ఇప్పుడు నిజంగానే కాపలా కాస్తున్నాడు, ఓ అపార్టుమెంటు గేటు దగ్గర. 2020లో కరోనా వచ్చి తిరునాళ్ళు, జాతరలు ఆగిపోవడంతో వీళ్ళ రాత్రుళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ పందిళ్ళు లేస్తున్నాయి కదా అనుకునేసరికి 2022 జనవరిలో చింతామణి నాటకం ప్రదర్శనని అప్పటి ప్రభుత్వం నిషేధించింది. ఏడుగురిలో నలుగురికి బతుకుతెరువు ఆ నాటకమే.

అందుకని మా వీధివాళ్ళం కొందరం కలిసి, ఓ సాయంత్రం నాటకం వేయించి, వచ్చిన డబ్బు నెలనెలా వాళ్ళకి పంచుదామని బయల్దేరాం. “ఆవిడ కథలు రాస్తుందిగా, ఖాళీయే” అని నన్ను టికెట్ల పనికి వేశారు. కథలు రాసే ఇల్లాలికి ఖాళీ ఎక్కువని లోకానికి ఎందుకో గట్టి నమ్మకం!

చింతామణి ఆడకూడదు కాబట్టి, దాన్ని రాసిన కాళ్ళకూరి నారాయణరావుగారిదే వరవిక్రయం పెట్టుకున్నాం. కట్నాల మీద రాసిన నాటకం. 1939లో సినిమాగా కూడా వచ్చింది, భానుమతిగారికి అదే మొదటి సినిమా. మొత్తం ఆడించేంత ఓపిక మా ముసలివాళ్ళకి లేదు గనక కొన్ని రంగాలు, మధ్యలో పౌరాణిక పద్యాలు అని కార్యక్రమం వేసుకున్నాం.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. టికెట్లు అసలు అమ్మింది నేను కాదు, మా పక్కింటి వదినగారు. వాళ్ళకి మెయిన్ రోడ్డులో బట్టల కొట్టుంది. వాళ్ళాయన కొట్లో ఉంటే ఈవిడ లెక్కలు చూస్తారు. నేను ఇంటింటికీ తిరిగి, మంచినీళ్ళు తాగి, కష్టసుఖాలు మాట్లాడి రెండు టికెట్లు అమ్ముకొచ్చేసరికి, ఆవిడ మెయిన్ రోడ్డు ఈ చివర్నించి ఆ చివరికి ఒక్క చుట్టు తిరిగి నలభై అమ్మేశారు. “కొట్టువాళ్ళ దగ్గరికి మధ్యాహ్నం మూడింటికి వెళ్ళాలమ్మా. బేరాలు ఉండవు, నిద్ర వస్తుంటుంది. వదిలించుకోడానికైనా కొంటారు” అని కిటుకు చెప్పారు.

మా కార్యక్రమం పెట్టింది ఫిబ్రవరి 25, ఆదివారం. ముందురోజే ఎన్నికలకి తెలుగుదేశం, జనసేన కూటమి మొదటి జాబితా బయటికొచ్చింది. ఇంక చూడండి మా అవస్థ! “టికెట్టు” అని నోరు తెరిస్తే చాలు, “ఎవరికండీ? మనవాడికి వచ్చినట్టా, రానట్టా?” అని మగవాళ్ళు మీదపడిపోవడమే. హాలు మెట్ల మీద ఏ గుంపు చూసినా అదే గోల. ఆడవాళ్ళు మటుకు తక్కువ తిన్నారా? పట్టుచీరలు, పలకరింపులు, “మీ అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారటగా” అన్నవన్నీ అయిపోయాక, ఆడవాళ్ళ మాటలూ అటే వెళ్ళాయి. కాకపోతే మనం మాట్లాడితే దాన్ని రాజకీయం అనరు. గ్యాసు బండ ధర, అమ్మఒడి ఎవరికి పడింది, ఎవరికి పడలేదు, వీధి కొళాయిలో నీళ్ళెప్పుడొస్తాయి అని పులిహోర పొట్లాలు కడుతూ మేం మాట్లాడుకుంటుంటే, అటుగా వెళ్ళిన ఓ పెద్దాయన “అమ్మలక్కల కబుర్లు బాగా సాగుతున్నట్టున్నాయే” అని నవ్వుకుంటూ వెళ్ళి, ‘రాజకీయం’ మాట్లాడే గుంపులో కలిశాడు.

కోడ్ వచ్చేలోపు నాలుగు సభల్లో కనిపించాలన్న ఆత్రం నాయకులకి ఉంటుంది కదా. పిలవకుండానే ఓ ముఖ్య అతిథి దొరికారు. ఆయన వెనకాల ఇరవైమంది. ఒక్కరికీ టికెట్టు లేదు. గేటు దగ్గర నేనూ, డిగ్రీ చదివే మా ఆడపడుచు కూతురూ నిలబడి ఉన్నాం.

మీకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ కథ తెలిసే ఉంటుంది. 1923లో కాంగ్రెసు మహాసభలు జరిగింది మా కాకినాడలోనే. అప్పుడు ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వలంటీరుగా నిలబడిన దుర్గాబాయికి పద్నాలుగేళ్ళు. టికెట్టు లేదని సాక్షాత్తూ జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసింది. నిర్వాహకులు గాభరాపడి టికెట్టు తెచ్చి చేతిలో పెట్టాకే లోపలికి వదిలింది. అంతకు రెండేళ్ళ ముందు, 1921లో గాంధీగారు వచ్చినప్పుడు, ఆయన దేవదాసీలతోనూ ఘోషా స్త్రీలతోనూ విడిగా మాట్లాడాలని పట్టుబట్టిందీ ఆవిడే. 5 వేల రూపాయల నిధి పోగుచేస్తేనే ఆయన సమయం దొరుకుతుందని పెద్దలంటే, ఆ ఆడవాళ్ళ చేతే డబ్బు పోగుచేయించి చూపించింది. డబ్బు పోగుచేయడం, రాజకీయం, ఆడవాళ్ళు, ఈ మూడూ కలిసిన సంగతి మా ఊరికి కొత్తదేం కాదన్నమాట.

ఈ కథ నేను మా ఆడపడుచు కూతురికి ఆ మధ్యాహ్నమే చెప్పి ఉన్నాను. ఇరవైమందీ లోపలికి వచ్చేస్తుంటే అది నా మొహంలోకి చూసింది. నేను పక్కకి తప్పుకున్నాను. దుర్గాబాయి కథ చెప్పడం తేలికే!

ముఖ్య అతిథి నలభై నిమిషాలు మాట్లాడారు. కళల గురించి ఓ ఐదు నిమిషాలు ఉంటుందేమో. వెనక గదిలో మేకప్ వేసుకుని కూర్చున్నవాళ్ళలో పెద్దాయనకి డెబ్భై నాలుగేళ్ళు, షుగరు. సభ అయ్యేదాకా ఏమీ తినకూడదని ఒట్టుపెట్టుకుని కూర్చున్నాడు, తింటే గొంతు పలకదట. అతిథిగారు యాభై వేలు ప్రకటించి, చప్పట్లు కొట్టించుకుని, ఫోటో దిగి వెళ్ళిపోయారు. ఇరవైమందీ ఆయన వెనకే వెళ్ళిపోవడంతో, టికెట్టు కొన్నవాళ్ళకి అప్పుడు కుర్చీలు దొరికాయి. ఆ యాభై వేలు ఇంతవరకూ రాలేదు.

అసలు నేను చెప్పాలనుకున్నది విరామం సంగతి.

కాఫీల దగ్గర మా ఊరి చదువుకున్న మగవాళ్ళంతా చేరారు. రిటైరైన లెక్చరరుగారు, ప్లీడరుగారు, బ్యాంకు ఆయన. ఎవరో చింతామణి మాట ఎత్తారు.

“కళ మీద ప్రభుత్వానికి పెత్తనమేమిటండీ?” అన్నారు ప్లీడరుగారు. “పుస్తకం అమ్ముకోవచ్చట, ఆడకూడదట!”

“ఓట్లండీ, ఓట్లు” అన్నారు బ్యాంకాయన.

“రేపు రాక్షసులు అర్జీ పెడితే మాయాబజారూ ఆపేస్తారు” అన్నారు లెక్చరరుగారు. అందరూ గొల్లుమన్నారు. నాకూ నవ్వొచ్చింది, మాట బాగుంది కదా.

ఆ ఊపులో ఒకాయన గొంతు మార్చి, నడుం వంచి, సుబ్బిశెట్టిలా మాట్లాడటం మొదలెట్టాడు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. సుబ్బిశెట్టి ఆ నాటకంలో వేశ్యాలోలత్వంతో ఆస్తంతా పోగొట్టుకునే వ్యాపారి. కాళ్ళకూరివారు నాటకం రాసింది ఆ వ్యసనాన్ని ఎండగట్టడానికి. పందిళ్ళలో ఆడగా ఆడగా, పుస్తకంలో లేని వెకిలి హాస్యం దానికి ఊడలు దిగింది. ఆ పాత్ర తమని కించపరుస్తోందని ఆర్యవైశ్య సంఘాలు అభ్యంతరం చెప్తే 2022లో నిషేధం వచ్చింది. దాని మీద హైకోర్టుకీ వెళ్ళారు.

మళ్ళీ అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయి, సగంలో పక్కకి చూశాను. వదినగారు డబ్బు పెట్టె చంకలో పెట్టుకుని, కాఫీ గ్లాసుతో అక్కడే నిలబడి ఉన్నారు. అప్పటిదాకా ఆవిడ ‘వాళ్ళలో మనిషి’ అన్న సంగతి నాకు గుర్తు లేదు. పన్నెండేళ్ళుగా పక్కిల్లు. పచ్చళ్ళ రుచులు ఒకరివొకరికి తెలుసు.

ఆవిడ గ్లాసు కిందపెట్టి టికెట్ల బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు. వెనకాలే వెళ్ళాను.

“వాళ్ళ మాటలు పట్టించుకోకండి వదినగారూ.”

“మా పెద్దాడిని ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఆ పేరుతోనే పిలిచారమ్మా” అన్నారు నోట్లు కట్టలు కడుతూ. “ఒక మేష్టారైతే హాజరు కూడా అలాగే పిలిచేవాడు. వీడు ‘ప్రెజెంట్ సార్’ అనేవాడు. ఏం చేస్తాడు?”

ఊరుకుంటే పోయేది. నేను ఊరుకోలేదు. “నిజమేననుకోండి. కానీ నిషేధంవల్ల తిండి పోయింది వీళ్ళకే కదా” అన్నాను.

ఆవిడ తలెత్తి నా వంక చూశారు. “వీళ్ళకని తెలిసే కదా నేను నలభై టికెట్లు అమ్మింది” అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు రాస్తున్నప్పుడు మాత్రం బోలెడు వాక్యాలొస్తున్నాయి. నాకైతే ఆ నిషేధం న్యాయంగా తోచదు. చేర్చిన బూతులు తీసేయమనొచ్చు, రాసినంతవరకే ఆడమనొచ్చు. ఇల్లంతా కాల్చి ఎలకని పట్టినట్టు మొత్తం నాటకాన్ని ఆపడం దేనికి? అయితే ఈ మాట ప్లీడరుగారి పక్కన నిలబడి అనడం వేరు, వదినగారి పక్కన నిలబడి అనడం వేరు. ప్లీడరుగారిని బళ్ళో ఎవరూ అలా పిలవలేదు కదా.

ఇద్దరం మాటాడుకోకుండానే పులిహోర పొట్లాలు పట్టుకుని మేకప్ గదికి వెళ్ళాం. అక్కడ ఒకావిడ ఉంది. ఏడుగురిలో ఆడమనిషి ఆవిడొక్కర్తే. అరవై దాటాయి. చింతామణి వేషం ఆవిడదే, జుట్టు నెరిశాక తల్లి శ్రీహరి వేషానికి మారింది. ఆ రోజు వరవిక్రయంలో భ్రమరాంబ కడుతోంది. మా మొహాలు చూసి ఏమనుకుందో, బయట నవ్వులు వినబడ్డాయో, తనే అడిగింది. “సుబ్బిశెట్టినా అండీ చెప్పుకుంటున్నారు?”

వదినగారు ఊఁ అన్నారు.

“తమరు శెట్టిగారి తాలూకా కదమ్మా. కోపం రావడం ధర్మమే” అంది, బొట్టు దిద్దుకుంటూనే. “నేనొకటి చెప్తాను, ఏమీ అనుకోకండి. నాకు పద్దెనిమిదో ఏట కట్టారు ఆ వేషం. పుస్తకంలో ఉన్నంతవరకూ హాయిగానే ఉండేది. ఈల పడినచోటల్లా మాట పెరిగిందమ్మా. సుబ్బిశెట్టి కట్టేవాడు ఓ బూతు అంటే పందిరంతా విరగబడేది. ఆ బూతు ఎవర్నంటున్నాడు? ఎదర నిలబడ్డ నన్నే కదా? మీవోళ్ళని ఎగతాళి చేసి నవ్వుకున్నారు, నిజమే. నన్ను గుడ్డలిప్పినట్టు మాట్లాడి నవ్వుకున్నారు. మీకు అర్జీ పెట్టుకోడానికి సంఘం ఉంది తల్లీ. నాకేదీ?”

కాసేపు ఎవరం మాట్లాడలేదు.

“మానేయలేకపోయారా?” అన్నారు వదినగారు, మెల్లిగా.

“మానేస్తే కాంట్రాక్టరు ఇంకోదాన్ని పిలుస్తాడు. నా రాత్రి డబ్బులు పోతాయి. మా అమ్మాయి నర్సు చదువు ఆ బూతుల మీదే అయింది” అంది. తర్వాత నవ్వి, “నిషేధం అన్నరోజున ఏడవాలో సంతోషించాలో నాకు తెలియలేదు. వారం పోయాక బియ్యం నిండుకున్నాయి, అప్పుడు తెలిసింది” అంది.

ఇంతలో గంట కొట్టారు.

నాటకం ఎలా జరిగిందని అడుగుతారేమో, బ్రహ్మాండంగా జరిగింది. కట్నం దగ్గర రూపాయికి రూపాయి పిండే పిసినారి సింగరాజు లింగరాజుగా షుగరు తాతగారు ఇరగదీశాడు. కాళింది నూతిలో పడి చచ్చిపోయిందన్న దగ్గర నా వెనక వరసలో ఎవరో వెక్కి వెక్కి ఏడ్చారు. కమల పెళ్ళి చేసుకుని, ‘మేం డబ్బిచ్చి కొనుక్కున్న సరుకే కదా’ అని మొగుణ్ణి నిలదీసే రంగానికైతే ఆడవాళ్ళ వైపు నుంచి చప్పట్లే చప్పట్లు. మగవాళ్ళూ కొట్టారు. ప్లీడరుగారు అందరికన్నా గట్టిగా కొట్టారు. కొడుకు పెళ్ళికి ఆయనెంత పుచ్చుకున్నారో మా కమిటీలో తెలియనివాళ్ళు లేరు! కట్నం నేరమని 1961లోనే చట్టం వచ్చింది. వరవిక్రయం వచ్చి వందేళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో మా మనోభావాలు దెబ్బతిన్నాయని మగపెళ్ళివారి సంఘం ఒక్కటీ అర్జీ పెట్టిన పాపాన పోలేదు. అందరూ కడుపారా నవ్వుకుని ఇళ్ళకి పోతున్నారు.

ఆ రాత్రి పదకొండింటికి వదినగారు మా వంటింట్లో కూర్చుని లెక్క తేల్చారు. టికెట్లు 312, అంటే 62,400. పులిహోర మీద 4,350. ఫోన్‌లో పంపినవాళ్ళవి 11,500. హాలు అద్దె, మైకులు, లైట్లు, మేకప్పు, అట్టలూ కాగితాలూ, అతిథిగారికి కప్పిన శాలువా, అన్నీ పోను మిగిలింది 43,250. ఏడుగురికి నెలకి వెయ్యేసి చొప్పున ఆరు నెలలు. ఇంతమంది ఇన్నాళ్ళు తిరిగితే ఆరు నెలలు! శాలువా 1,700 అని రాస్తున్నప్పుడు మాత్రం ఆవిడ పెన్ను ఓ క్షణం ఆగింది.

వెళ్తూ గుమ్మం దగ్గర నిలబడి, “ఆ పుస్తకం నీ దగ్గరుందా?” అని అడిగారు.

ఉంది. ఇచ్చాను. పది రోజులకి తెచ్చి ఇచ్చారు, అట్ట వేసి మరీ.

“పుస్తకంలోనూ ఉందమ్మా. తక్కువ, అంతే” అన్నారు. “నాకు నచ్చలేదు. ఆడితే వెళ్ళి చూడను.”

సరేనన్నాను. వాదించే ఓపిక లేక కాదు, ఆవిడ చదివొచ్చి చెప్తోంది కదా. కాఫీలు తాగుతూ మాట్లాడినవాళ్ళలో ఎంతమంది చదివారో నాకు అనుమానమే.

“కానీ ఆవిడ డబ్బు ఆపొద్దు. ఆరు నెలలయ్యాక కూడా. కొట్లో నేను చూసుకుంటాను” అన్నారు. అని, మరి కాసేపాగి, “ఈ నెల కవరు నేనే తీసుకెళ్ళి ఇస్తాను. నువ్వు రాకు” అన్నారు.

అప్పట్నుంచి ప్రతి నెలా ఒకటో తారీకు దాటగానే ఆటో ఎక్కి వెళ్తున్నారు. వెళ్తే రెండు గంటలకి తక్కువ రారు. ఏం మాట్లాడుకుంటారండీ అంతసేపు అని అడిగి చూశాను. కథలు రాసేవాళ్ళకి అన్నీ చెప్పకూడదట.